ఆరూ ఇరవై నుంచి ఎనిమిదిన్నర దాకా

ఇన్ఫోసిస్ వ్యవస్థాపకుల్లో ఒకరైన ఎన్.ఆర్. నారాయణమూర్తి తన దినచర్య గురించి చెప్పే లెక్క నిర్దిష్టంగా ఉంటుంది. ఉదయం 6.20కి కార్యాలయంలో అడుగుపెట్టడం, రాత్రి 8.30కి బయటపడటం, వారానికి కనీసం ఆరు రోజులు. 1994 వరకూ ఇదే తన పద్ధతి అని ఆయన ఇంటర్వ్యూల్లో చెప్పారు. రోజుకు పద్నాలుగు గంటల పది నిమిషాలు, ఆరు రోజులకు 85 గంటలు. 2023 అక్టోబరులో ఆయన దేశ యువత వారానికి 70 గంటలు పనిచేయాలని పిలుపునిచ్చినప్పుడు, ఆ పిలుపుకు పునాది ఈ సొంత లెక్కే. ఓలా వ్యవస్థాపకుడు భవీశ్ అగర్వాల్ వెంటనే సమర్థించారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ అధిపతి ఎస్.ఎన్. సుబ్రహ్మణ్యన్ ఆ అంకెను 90కి పెంచి, ఆదివారం ఇంట్లో కూర్చుని భార్యను ఎంతసేపు చూస్తారని అడిగి అభాసుపాలయ్యారు.

ఈ చర్చంతా గంటల సంఖ్య చుట్టూనే తిరిగింది. కష్టపడాలని కొందరు, ఆరోగ్యం ముఖ్యమని మరికొందరు వాదించారు. రెండు పక్షాలూ ఒక ప్రశ్న అడగడం మరిచాయి. ఆ పద్నాలుగు గంటల్లో ఏం జరిగేది? 1980లలో ఈ దేశంలో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థను పెట్టినవాడి రోజు దేనితో నిండేది? ఆ రోజును ఎవరు నిర్ణయించేవారు? ఆయనే తన ఉపన్యాసాల్లో చెప్పిన జ్ఞాపకాలను, ఆనాటి విధానాల చరిత్రను పక్కపక్కన పెట్టి చదివితే జవాబు దొరుకుతుంది. ఆ రోజును ఎక్కువగా నిర్ణయించింది ఢిల్లీ.

ముందు తెలిసిన కథను క్లుప్తంగా చెప్పుకుందాం. 1981 జులై 2న పూణేలో ఇన్ఫోసిస్ నమోదైంది. ఏడుగురు వ్యవస్థాపకులు. నారాయణమూర్తి, నందన్ నీలేకని, ఎన్.ఎస్. రాఘవన్, ఎస్. గోపాలకృష్ణన్, ఎస్.డి. శిబులాల్, కె. దినేశ్, అశోక్ అరోరా. అందరూ పట్నీ కంప్యూటర్ సిస్టమ్స్‌లో పనిచేసి బయటికొచ్చినవాళ్ళే. పెట్టుబడి పదివేల రూపాయలు, అది సుధామూర్తి పొదుపు చేసిన డబ్బు. తొలి ఖాతాదారు న్యూయార్క్‌కు చెందిన డేటా బేసిక్స్ కార్పొరేషన్. పట్నీలో మిగిలిన బాధ్యతలు ముగించుకుని రావడానికి మూర్తికి మరికొంత కాలం పట్టింది. అందువల్ల సంస్థ ఉద్యోగుల జాబితాలో మొదటి పేరు రాఘవన్‌ది, మూర్తిది నాలుగో స్థానం. 1983లో సంస్థ బెంగుళూరుకు మారింది.

ఇప్పుడు ఆ కథలో తరచుగా జారిపోయే వివరం చూడండి. కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడానికి పుట్టిన ఈ సంస్థకు తొలినాళ్ళలో కంప్యూటర్ లేదు. ఖాతాదారు యంత్రం అమెరికాలో ఉంది. కాబట్టి వ్యవస్థాపకుల్లో చాలామంది అక్కడికే వెళ్ళి, వాళ్ళ యంత్రం మీదే పనిచేశారు. మూర్తి ఇక్కడ ఉండిపోయారు. ఇక్కడి పని ఏమిటంటే యంత్రాన్ని రప్పించడం, ఫోను పెట్టించడం, వెళ్ళేవాళ్ళకు డాలర్లు సంపాదించడం. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ సాంకేతిక విషయం కాదు. మూడూ రాజకీయ విషయాలే.

యంత్రం సంగతి ముందు. డేటా జనరల్ సంస్థ తయారుచేసిన ఎంవీ 8000 అనే కంప్యూటర్ కావాలి. దిగుమతికి లైసెన్సు కావాలి. ఎలక్ట్రానిక్స్ శాఖ సిఫారసు చేయాలి, దిగుమతుల నియంత్రణాధికారి ఆమోదించాలి, మారకద్రవ్యం మంజూరు కావాలి, యంత్రం విలువకు తగినంత ఎగుమతి చేసి చూపిస్తామని హామీపత్రం రాయాలి. ఆపైన దిగుమతి సుంకం, అదీ యంత్రం ఖరీదును మించి. ఈ లైసెన్సు కోసం ఢిల్లీకి సుమారు యాభై సార్లు తిరిగానని మూర్తి అనేక వేదికలపై చెప్పారు. రెండేళ్ళు పట్టిందని ఒకసారి, మూడేళ్ళని మరోసారి అన్నారు. జ్ఞాపకంలో సంవత్సరాలు అటూఇటూ అవుతాయి గానీ యాభై అన్న అంకె మాత్రం నిలకడగా ఉంటుంది.

యాభై ప్రయాణాలంటే ఎంత కాలమో లెక్కేద్దాం. బెంగుళూరు నుంచి ఢిల్లీకి రైల్లో అయితే ఆనాడు రెండు రాత్రులు. రాకపోకలకు నాలుగు రాత్రులు. కొన్ని ప్రయాణాలు విమానంలో జరిగి ఉండవచ్చు, కొన్ని వేరే పనులతో కలిసి ఉండవచ్చు. ఎంత తగ్గించి లెక్కేసినా, ఒక మనిషి పనిచేసే జీవితంలోంచి నెలల తరబడి కాలం రైలు పట్టాల మీద, ఉద్యోగ్ భవన్ వరండాల్లో కరిగిపోయింది. ఆ ప్రయాణం చివర జరిగేదేమిటి? సంతకం పెట్టాల్సిన అధికారి సెలవులో ఉండటం, దస్త్రం మరో విభాగానికి వెళ్ళిందని తెలియడం, మళ్ళీ రమ్మనడం. ఢిల్లీలో రిపోర్టింగు మొదలుపెట్టిన కొత్తలో ఈ భవనాల్లో నేనూ గంటల తరబడి కూర్చున్నాను, సంస్కరణలొచ్చి దశాబ్దం దాటిన తర్వాత. అప్పటికి సందర్శకుల బల్లల మీద జనం పలచబడ్డారు. ఒక పాత గుమాస్తా మాత్రం ఆ బల్లలను చూపించి, ఒకప్పుడు ఇక్కడ చోటు కోసం పొద్దున్నే రావాల్సి వచ్చేదని కొంత గర్వంగానే చెప్పాడు.

పెద్ద వ్యాపార గృహాలకు ఈ బాధ లేదు. బిర్లాలకూ టాటాలకూ ఢిల్లీలో ప్రతినిధి కార్యాలయాలుండేవి. వాటిని పారిశ్రామిక రాయబార కార్యాలయాలని రాజనీతి పరిశోధకులు పిలిచారు. అందులో పనిచేసేవారి రోజంతా మంత్రిత్వ శాఖల చుట్టూ తిరగడమే, దానికి జీతం ఉండేది. పదివేల రూపాయల పెట్టుబడితో మొదలైన సంస్థకు రాయబారిని పెట్టుకునే స్తోమత లేదు. వ్యవస్థాపకుడే రాయబారి, గుమాస్తా, అర్జీదారు. లైసెన్స్ రాజ్ అంటే అందరికీ సమానమైన ఇబ్బంది అనుకుంటాం. కాదు. అది ఉన్నవాడికి రక్షణ కంచె, కొత్తగా వచ్చేవాడికి అడ్డుగోడ. సోషలిజం పేరిట నడిచిన ఆ వ్యవస్థ నిజానికి కాపాడింది ఎవరినన్న ప్రశ్నను మన వామపక్ష మిత్రులు ఇప్పటికీ సూటిగా ఎదుర్కోలేదు. మూర్తి యవ్వనంలో వామపక్ష భావాలున్నవారే. 1974లో యూరప్‌లో ప్రయాణిస్తూ నాటి యుగోస్లావియా–బల్గేరియా సరిహద్దులో అకారణంగా నిర్బంధానికి గురై, ఆ భావాలకు దూరమయ్యానని ఆయనే చెప్పుకున్నారు. అక్కడ మూడు రోజులు నేర్పిన పాఠాన్ని ఇక్కడ యాభై ప్రయాణాలు ఎంత గట్టిపరిచి ఉంటాయో ఊహించవచ్చు.

ఇక టెలిఫోను. 1981 జనాభా లెక్కల్లో మనం 68 కోట్లు. దేశమంతటా ఉన్న టెలిఫోన్లు పాతిక లక్షల లోపే. కమ్యూనికేషన్ల మంత్రి సి.ఎం. స్టీఫెన్ టెలిఫోను విలాసమే గానీ హక్కు కాదని, నచ్చనివారు వెనక్కి ఇచ్చేయవచ్చని పార్లమెంటులో అన్న మాటను ఈనాటికీ ఉదాహరిస్తారు. మూర్తికి కనెక్షన్ రావడానికి ఏడాది పట్టింది. ఫోన్ల కేటాయింపులో విశ్రాంత ప్రభుత్వోద్యోగులకు ప్రాధాన్యం ఉండేదని ఆయన వ్యంగ్యంగా గుర్తుచేసుకుంటారు. మా చిన్నతనంలో పోస్టాఫీసులో ట్రంకాల్ బుక్‌చేసి మధ్యాహ్నమంతా బల్ల మీద కూర్చున్నవాళ్ళకు ఇది వింతగా తోచదు. ఫోను మోగేదాకా కదలడానికి వీల్లేదు, మోగిన తర్వాత మూడు నిమిషాల్లో ముగించాలి. అటువంటి దేశంలో కూర్చుని న్యూయార్క్‌లోని ఖాతాదారుకు ప్రోగ్రాములో వచ్చిన లోపం గురించి వివరించాలి. న్యూయార్క్‌లో ఉదయం పది గంటలంటే బెంగుళూరులో రాత్రి. ఎనిమిదిన్నర దాకా కార్యాలయంలో ఉండటం వెనక పని నిష్ఠ ఉండవచ్చు. భూగోళం కూడా ఉంది.

మూడోది మారకద్రవ్యం. ఒక్క రోజు పని మీద విదేశానికి వెళ్ళాలన్నా రిజర్వ్ బ్యాంకు అనుమతికి పది పన్నెండు రోజులు పట్టేదని మూర్తి చెబుతారు. ఎందుకు వెళ్తున్నావు, ఎన్ని రోజులుంటావు, రోజుకు ఎన్ని డాలర్లు, ఎవరిని కలుస్తావు? కలవాల్సినవాడు వచ్చే వారం రమ్మంటే అనుమతి ఆ పై వారం వచ్చేది. విదేశాలకు ఎగుమతులు పెంచండని ఉపన్యాసాలు దంచిన ప్రభుత్వమే, ఎగుమతి చేయబోయేవాణ్ణి గుమ్మం దగ్గర ఆపి సంచీ సోదా చేసేది.

ఈ మూడింటినీ కలిపి చూస్తే ఆనాటి వ్యవస్థాపకుడి దినచర్యలో ప్రధానమైన క్రియ ఒకటే, వేచి ఉండటం. ఉదయం ఆరూ ఇరవైకి వచ్చేవాడు అంతసేపూ కంప్యూటర్ ముందు కూర్చోలేదు, కూర్చోవడానికి కంప్యూటరే లేని రోజులున్నాయి. ఆ గంటల్లో గణనీయమైన భాగాన్ని రాజ్యం మింగింది. ఈనాడు అదే గంటల మొత్తాన్ని వ్యక్తిగత సద్గుణంగా ప్రదర్శించి, యువతకు ఆదర్శంగా చూపడంలో ఉన్న చిక్కు ఇదే. రాజ్యం చేసిన నష్టాన్ని త్యాగం ఖాతాలో జమచేస్తున్నాం. మూర్తి కష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు. అంత విసుగులోనూ లంచం ఇవ్వకుండా, పత్రాల మీదే పోరాడి సంస్థను నిలబెట్టామన్నది ఆయన చెప్పుకునే మాట, దాన్ని శంకించడానికి నా దగ్గర ఆధారమూ లేదు. కానీ ఆ కష్టంలో సగం అవసరం లేని కష్టమని అందరికంటే బాగా తెలిసినవాడు ఆయనే.

గడియారం ఎప్పుడు మారిందో కూడా తెలుసు. ఇందిరాగాంధీ హత్య జరిగిన మూడు వారాలలోపే, 1984 నవంబరులో, రాజీవ్ గాంధీ ప్రభుత్వం కొత్త కంప్యూటర్ విధానాన్ని ప్రకటించింది. ఎన్. శేషగిరి వంటి అధికారులు అంతకుముందే సిద్ధం చేసిన పని అది. దిగుమతి సుంకాలు తగ్గాయి, సాఫ్ట్‌వేర్‌ను ఒక పరిశ్రమగా గుర్తించారు. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బెంగుళూరుకు వచ్చింది. దాని ఉపగ్రహ సమాచార పరికరాలను ఎద్దుబండి మీద తరలించిన కథ ఆ నగరంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1986లో సాఫ్ట్‌వేర్‌కు ప్రత్యేక విధానం వచ్చింది. అయినా ఊపిరాడింది 1991లోనే. 1990లో ఇన్ఫోసిస్‌ను పది లక్షల డాలర్లకు కొంటామని ఒక ప్రతిపాదన వస్తే, వ్యవస్థాపకుల్లో కొందరు అమ్మేద్దామన్నారు. అశోక్ అరోరా అప్పటికే తప్పుకున్నారు. మీ వాటాలు నేనే కొంటానని మూర్తి అనడంతో మిగిలినవారు ఆగిపోయారు.

ఇక్కడ ఒక తెలుగువాడు కథలోకి వస్తాడు. పి.వి. నరసింహారావు ప్రధాని అయినప్పుడు పరిశ్రమల శాఖను తన దగ్గరే ఉంచుకున్నారు. 1991 జులై 24న పార్లమెంటు ముందుకు వచ్చిన కొత్త పారిశ్రామిక విధానం, అదే రోజు మన్మోహన్ సింగ్ చదివిన బడ్జెట్ ప్రసంగపు నీడలో పడిపోయింది. ఆ నీడను పీవీయే కోరుకున్నారని నా అనుమానం. ఉద్యోగ్ భవన్ వరండాలను ఖాళీ చేయించింది మాత్రం ఆ విధానమే. 1992లో మూలధన జారీ నియంత్రణాధికారి పదవి రద్దయింది. అంతకుముందు ఒక సంస్థ తన వాటాను ఎంతకు అమ్ముకోవాలో కూడా ఢిల్లీలో ఒక అధికారి నిర్ణయించేవాడు. ఆ పదవి పోయిన మరుసటి ఏడాదే, 1993 ఫిబ్రవరిలో, ఇన్ఫోసిస్ తన వాటాను 95 రూపాయలకు ప్రజలకు అమ్మజూపింది. పూర్తిగా కొనేవారు లేకపోతే మోర్గాన్ స్టాన్లీ ఆదుకుంది. 1994లో వర్తక చెల్లింపుల విషయంలో రూపాయి స్వేచ్ఛగా మారకమయ్యే స్థితి వచ్చింది, డాలర్ల కోసం అర్జీలు ఆగాయి.

1994. మూర్తి తన 85 గంటల వారం ముగిసిందని చెప్పే సంవత్సరం కూడా అదే. సంస్థ పెద్దదై పని పంచుకునేవాళ్ళు పెరగడం ఒక కారణం కావచ్చు. రాజ్యం ఆయన రోజులోంచి వైదొలగడం మరో కారణం కావచ్చు. కాకతాళీయమైనా, విస్మరించదగ్గ కాకతాళీయం కాదు.

ఈ దినచర్యకు అవతలివైపు మరో దినచర్య ఉంది. పదివేల రూపాయలు ఇచ్చిన సుధామూర్తి, ఇంటి ఖర్చులు తాను చూసుకుంటానని భర్తకు మూడేళ్ళ గడువు కూడా ఇచ్చారు. వాల్‌చంద్ గ్రూపులో సిస్టమ్స్ అనలిస్టుగా ఉద్యోగం చేశారు. తొలినాళ్ళలో ఇల్లే కార్యాలయం. తాను వంటమనిషిగా, గుమాస్తాగా, ప్రోగ్రామరుగా కూడా పనిచేశానని ఆమె రాసుకున్నారు. 1980లో పుట్టిన కూతురు అక్షత పసితనంలో హుబ్బళ్ళిలో అమ్మమ్మ తాతల దగ్గర పెరిగింది. భార్యాభర్తలిద్దరూ సంస్థలో ఉండకూడదన్న మూర్తి నియమం వల్ల ఆమె వ్యవస్థాపకురాలు కాలేకపోయారు. అందరికంటే ఎక్కువ అర్హతలున్న ఆమెను దూరం పెట్టడం తప్పేనని మూర్తి 2024లో ఒక ఇంటర్వ్యూలో ఒప్పుకున్నారు. అదే ఏడాది మార్చిలో ఆమె రాజ్యసభకు నామినేట్ అయ్యారు. ఆరూ ఇరవైకి ఆయన కార్యాలయంలో ఉండాలంటే ఆ ఇంట్లో పొయ్యి ఎన్నింటికి వెలగాలి? ఆ లెక్క ఏ ఇంటర్వ్యూలోనూ ఎవరూ అడగలేదు. ఎల్ అండ్ టీ అధిపతి భార్య ప్రస్తావన తెచ్చినప్పుడు దేశం నవ్వింది గానీ, తొంభై గంటల మగవాడి వెనక ఒక స్త్రీ చేసే జీతంలేని తొంభై గంటలుంటాయన్న సత్యం ఆయన నోటి నుంచి పొరపాటున జారిపడింది.

ఇక డెబ్బై గంటల దగ్గరికి వద్దాం. మన దేశంలో పనిగంటల చరిత్ర ఉపన్యాసాలతో తయారు కాలేదు. 1862లో హౌరా రైల్వే స్టేషన్ కార్మికులు సుమారు 1,200 మంది ఎనిమిది గంటల పని కోసం సమ్మె చేశారు. షికాగో హే మార్కెట్ ఘటనకు ఇరవై నాలుగేళ్ళ ముందు మాట అది. 1911 చట్టం జౌళి మిల్లుల్లో మగవారికి పన్నెండు గంటల పరిమితి పెట్టింది. 1919లో వాషింగ్టన్‌లో సమావేశమైన అంతర్జాతీయ కార్మిక సంస్థ తన మొట్టమొదటి ఒడంబడికలోనే ప్రపంచానికి వారానికి 48 గంటలని ప్రకటించింది. బ్రిటిష్ ఇండియాకు మాత్రం ప్రత్యేక నిబంధన పెట్టి 60 గంటలకు అనుమతించింది. వెనుకబడిన వలస దేశం కదా, వాళ్ళకు అంత చాలన్నది దాని అర్థం. ఆ 60 గంటలే 1922 ఫ్యాక్టరీల చట్టంలోకి వచ్చాయి. 1934లో 54కు తగ్గాయి. వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడిగా 1942 నుంచి 1946 దాకా ఉన్న అంబేడ్కర్ హయాంలో, 1946 సవరణతో 48కి చేరాయి. స్వతంత్ర భారతం 1948 చట్టంలో దాన్నే కొనసాగించింది.

అంటే మనకు దేశభక్తి పేరిట ఇప్పుడు బోధిస్తున్న 70 గంటలు, వలస పాలకులు మనల్ని తక్కువ చేసి ఇచ్చిన 60 గంటల కంటే పది ఎక్కువ. ఈ ఒక్క పోలిక చేయకుండానే రెండేళ్ళు చర్చ నడిచింది.

వ్యవస్థాపకుడి గంటకూ ఉద్యోగి గంటకూ తేడా ఉందన్నది మరో విషయం. వ్యవస్థాపకుడు తన వాటాకు తానే నీళ్ళు పోసుకుంటాడు. చెట్టు పెరిగితే పండు అతనిదే. ఇన్ఫోసిస్ దీన్ని గుర్తించిందనే చెప్పాలి. 1990లలో ఉద్యోగులకు వాటాలు పంచిన తొలి పెద్ద భారతీయ సంస్థల్లో అదొకటి. వాటాలు దక్కిన చిన్నస్థాయి ఉద్యోగులు కూడా స్థితిమంతులయ్యారు. ఆ తరం ఉద్యోగి రాత్రి పదింటిదాకా పనిచేశాడంటే అతనికి లెక్క తెలుసు. ఈనాడు ఐటీ సంస్థలో చేరే కొత్త పట్టభద్రుడి వార్షిక వేతనం సుమారు మూడున్నర లక్షలు. పదేళ్ళ కిందటి అంకెకు పెద్దగా తేడా లేదు. ఇంటి అద్దెలు అక్కడే ఆగలేదు. మియాపూర్‌లో నలుగురు కలిసి ఒక గదిలో ఉంటూ గచ్చిబౌలికి వెళ్ళే పిల్లవాడికి, ఆరూ ఇరవై నుంచి ఎనిమిదిన్నర దాకా కథ ఎవరి చెట్టుకు నీళ్ళు పోయమంటోంది? 2024లో పూణేలో ఒక యువ చార్టర్డ్ అకౌంటెంటు ఉద్యోగంలో చేరిన కొద్ది నెలలకే మరణించినప్పుడు, ఆమె తల్లి సంస్థ అధిపతికి రాసిన లేఖ దేశాన్ని కదిలించింది. ఇన్ఫోసిస్ పుట్టింది కూడా పూణేలోనే.

దినచర్యను బట్టి వ్యవస్థాపకుణ్ణి పూజించడం ఎంత దూరం తీసుకెళ్తుందో మన తెలుగువారికి వేరే చెప్పనక్కర్లేదు. 1987లో సత్యం కంప్యూటర్స్‌ను స్థాపించి, 2005లో 108 అంబులెన్సు సేవకు పునాది వేసి, ముఖ్యమంత్రుల పక్కన కూర్చున్న బి. రామలింగరాజు 2009 జనవరి 7న ఖాతాల్లో అంకెలన్నీ పెంచినవేనని లేఖ రాసిన రోజున హైదరాబాద్‌లో వేలాది ఇళ్ళలో అన్నం దిగలేదు. అంతకుముందు వారం దాకా ఆయన క్రమశిక్షణ మీద మనవాళ్ళు వ్యాసాలు రాశారు.

లైసెన్స్ రాజ్ పోయింది కాబట్టి నేటి అంకుర సంస్థల వ్యవస్థాపకుడి రోజు పూర్తిగా అతనిదేనా? 2016 జనవరి 16న విజ్ఞాన్ భవన్‌లో ప్రధాని మోదీ స్టార్టప్ ఇండియాను ఆరంభించినప్పుడు చెప్పింది అదే. అప్పటికే అమల్లో ఉన్న ఏంజెల్ ట్యాక్స్ మాత్రం అలాగే ఉండిపోయింది. 2012లో ప్రణబ్ ముఖర్జీ తెచ్చిన ఆ పన్ను నోటీసులకు జవాబులు రాయడంలో ఎందరో కుర్ర వ్యవస్థాపకుల రోజులు గడిచాయి. మినహాయింపులూ సవరణలూ దాటుకుని 2024 జులై బడ్జెట్‌లో గానీ అది రద్దు కాలేదు. 2016 నవంబరు 8 రాత్రి పెద్ద నోట్లు రద్దయితే, మరునాటి పత్రికల్లో పేటీఎం ప్రధాని బొమ్మతో ప్రకటనలిచ్చింది. రాజ్యం తీసుకున్న ఒక్క నిర్ణయం ఆ సంస్థ దశ తిప్పింది. 2024 జనవరి 31న రిజర్వ్ బ్యాంకు పేటీఎం పేమెంట్స్ బ్యాంకుపై ఆంక్షలు పెట్టింది. వారం తిరగకుండానే విజయ్ శేఖర్ శర్మ ఆర్థిక మంత్రిని కలిశారని వార్తలొచ్చాయి. ఆ బ్యాంకు మీద చర్య సమంజసమేనా అన్నది వేరే చర్చ, నియమాలు తప్పినవారిని నియంత్రణ సంస్థ నిలదీయాల్సిందే. నేను గమనిస్తున్నది ప్రయాణం దిశను. నలభై ఏళ్ళ తర్వాత కూడా కష్టమొచ్చిన వ్యవస్థాపకుడు వెళ్ళేది ఢిల్లీకే, రైల్లో కాకుండా విమానంలో.

తేడా మరోచోట ఉంది. 1980లలో రాజ్యం వ్యవస్థాపకుడి కాలాన్ని మింగింది. ఇప్పుడు అదే రాజ్యం, వ్యవస్థాపకుడి తరఫున, ఉద్యోగి కాలాన్ని సాగదీస్తోంది. అంబేడ్కర్ హయాంలోనే, 1946లోనే వచ్చిన ఉద్యోగ నిబంధనల చట్టం నుంచి కర్ణాటక ప్రభుత్వం ఐటీ రంగానికి ఏళ్ళ తరబడి మినహాయింపులు పొడిగిస్తూ వచ్చింది. 2024 జులైలో అదే రాష్ట్రంలో ఐటీ ఉద్యోగుల చేత రోజుకు పన్నెండు గంటలకు మించి పనిచేయించుకునే వీలు కల్పించే ప్రతిపాదన వచ్చి, ఉద్యోగ సంఘాలు వీధికెక్కాయి. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజువారీ గరిష్ఠ పనిగంటలను తొమ్మిది నుంచి పదికి పెంచడానికి ఆమోదం తెలిపింది. మూడు నెలల్లో అనుమతించే ఓవర్‌టైం పరిమితిని 75 గంటల నుంచి 144కు పెంచింది. మరుసటి నెలలో తెలంగాణ కూడా వాణిజ్య సంస్థల్లో పది గంటలకు అనుమతిస్తూ ఉత్తర్వులిచ్చింది. ఒకచోట తెలుగుదేశం, ఒకచోట కాంగ్రెస్. సాధారణంగా ఏ విషయంలోనూ ఏకీభవించని రెండు ప్రభుత్వాలు దీని మీద పెద్దగా చర్చ లేకుండానే ఒక్క మాట మీదికొచ్చాయి. వారానికి 48 గంటలన్న అంబేడ్కర్ గీతను రెండూ చెరపలేదు, నిజమే. దానిలోపల రోజును ఎంతదాకా లాగవచ్చో చూస్తున్నాయి. పరిశ్రమలు తరలివస్తాయన్నది ఇద్దరి వాదన. పనిగంట పెరిగినందుకు ఏ సంస్థ ఏ ఊరికి వచ్చిందో శాసనసభల్లో అడిగే ప్రతిపక్షం ఉంటే మనకూ తెలిసేది.

ఈ వ్యాసం రాస్తూ పాత కత్తిరింపులు వెతుకుతుంటే 2025 జులై నాటి వార్త ఒకటి కనబడింది. ఇంటి నుంచి పనిచేస్తూ నిర్ణీత సమయానికి మించి పనిచేస్తున్న ఉద్యోగులను ఇన్ఫోసిస్ గుర్తించి, వారికి మెయిళ్ళు పంపుతోందని దాని సారాంశం. రోజుకు సగటున తొమ్మిది గంటల పావు, వారానికి ఐదు రోజులు, అంతకు మించి వద్దని, మధ్యలో విరామం తీసుకోమని, పని ముగిశాక దాన్ని పక్కనపెట్టమని అందులో సలహా.